సియెనా నగరంలో ఒక పగలు

ఇటలీ దేశంలో ఫ్లారెన్సుకు దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, మూడు కొండల మీద, సియెనా అనే ప్రాచీన నగరం ఉన్నది. ఉదయం బయలుదేరి సాయంకాలానికి తిరిగి రాదగిన ప్రయాణం. ఎండ కాసే దినమైతే మరీ మంచిది. ఆ ఇటుక గోడల ఎరుపు ఎండలోనే తేటపడుతుంది. చిత్రకారులు వాడే సియెనా మట్టిరంగుకు ఈ ఊరిపేరే వచ్చింది.

నగరం నడుమ ఆల్చిప్ప ఆకారంలో కాంపో అనే మైదానమున్నది. ఎర్ర ఇటుకలు పరచిన ఆ నేలను తెల్లని రాతిగీతలు 9 భాగాలు చేస్తున్నవి. 1287 నుంచి 1355 వరకు నగరాన్ని ఏలిన ‘తొమ్మండుగురి’ సభకు అది గుర్తు. వీరు రాజులు కారు, వర్తకులు. ఏ ఒక్కరికీ అధికారం స్థిరపడరాదని, రెండేసి నెలలకు సభ్యులందరూ మారేవారు. ఆ సభలో గొప్ప కులీన వంశాలకు ప్రవేశం లేదు; సామాన్య శ్రామికులకూ లేదు. ఆ లోపమే తరువాత వారికి ముప్పు తెచ్చింది.

మైదానపు పల్లపు అంచున వారి సభాభవనం, దానిని ఆనుకొని 80 మీటర్లకు మించిన మాంజా గోపురం నిలిచినవి. పొద్దెక్కినకొద్దీ గోపురపు నీడ ఇటుకల మీద జరుగుతుంది. యాత్రికులు నీడపట్టున కూర్చుండి దానితోబాటు తామూ జరుగుతారు.

ఎండ ముదిరిన వేళ సభాభవనంలోకి వెళ్ళాలి. తొమ్మండుగురు కొలువుదీరిన గదిలో అంబ్రోజియో లోరెంజెట్టి 1338-39 సంవత్సరాలలో మూడు గోడల నిండా సుపరిపాలనను, దుష్పరిపాలనను చిత్రించినాడు. న్యాయదేవత త్రాసునుంచి దిగిన త్రాళ్ళను సమైక్యత అనే స్త్రీ కలిపి 24 మంది పౌరుల చేతికి అందిస్తుంది. పక్కగోడ మీద ఉపాధ్యాయుడు పాఠం చెబుతున్నాడు, పనివాండ్రు ఇల్లు కడుతున్నారు, రైతులు పంట కోస్తున్నారు. ఎదురుగోడ మీద కొమ్ములుగల నిరంకుశుడు కూర్చున్నాడు. అతని పాదాలచెంత న్యాయదేవత బందీయై పడి ఉన్నది. తీర్పు చెప్పేవారు తల ఎత్తినప్పుడెల్లా తమ నిర్ణయాల ఫలితం కంటబడవలెననే ఈ ఏర్పాటు.

అదే 1339లో సియెనా ప్రజలు తమ ప్రధాన దేవాలయాన్ని బహువిశాలం చేయ సంకల్పించినారు. అప్పటికి ఉన్న గుడి యావత్తూ కొత్త కట్టడానికి అడ్డభాగం మాత్రమే కాగలదట! కాని 1348లో మహామారి వచ్చింది. నగరంలో సగంమందికి పైగా చనిపోయినారని అంచనా. అన్యోలో ది తూరా అనే చరిత్రకారుడు తన ఐదుగురు బిడ్డలను స్వహస్తాలతో పాతిపెట్టినట్లు వ్రాసుకున్నాడు. లోరెంజెట్టి కూడా ఆ వ్యాధికే బలియైనాడని భావిస్తారు. కూలీలు లేరు, ధనం లేదు. కట్టిన గోడలలోనూ లోపాలు బయటపడినవి. పని ఆగిపోయింది. 1355లో కులీనులు, సామాన్యులు ఏకమై తొమ్మండుగురిని పడదోసినారు.

అయితే వారి తరువాత వచ్చినవారు ఆ చిత్రాన్ని చెరిపివేయలేదు. 1555లో దీర్ఘమైన ముట్టడికి లొంగి స్వాతంత్ర్యం కోల్పోయేవరకు సియెనా గణరాజ్యంగానే నిలిచింది. కప్పులేని దేవాలయపు మహాకుడ్యం ఇప్పటికీ ఆకాశంలోకి లేచి ఉన్నది. సాయంకాలం ఇరుకైన మెట్లమీదుగా దాని కొననెక్కిన యాత్రికునికి ఒకవంక కాంపో మైదానం, ప్రాకారాల కవతల ద్రాక్షతోటలు, పొలాలు కనబడతవి. లోరెంజెట్టి గోడమీద చూసిన పల్లెసీమ అదే.