వాడ నేర్పిన సంఘసేవ

టేకుమట్ల అయినా, తెలంగాణలో మరే పల్లె అయినా ఊరు వేరు, వాడ వేరు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలుపెట్టిన పాలకులు మాత్రం పల్లెంతా ఒక్కటే సమాజం అనుకున్నారు. గ్రామసేవకులకు శిక్షణ ఇచ్చి పంపారు. పథకం ప్రజల చొరవను రాబట్టలేదని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీయే చెప్పింది. ఏ ప్రజలు అని మేమడుగుతున్నాం. మరుసటేడు అధికారుల శిక్షణకు ముస్సోరీలో సంస్థ పెట్టారు. తరువాత అది హైదరాబాదుకొచ్చింది, 1977లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ అయింది.

అదే హైదరాబాదులో 1906లోనే భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టారు. 1911లో అది మన్య సంఘం అయింది. వీళ్ళకు తరగతి గది లేదు, హరికథ ఉంది, భజన ఉంది. చదువురాని మనిషికి కూడా అర్థమయ్యే పద్ధతి అది. జోగిని ఆచారం, బాల్యవివాహం, తాగుడు మానాలని వాడకు వాడమనిషే చెప్పాడు. ఇసామియా బజారు, లింగంపల్లిలో బడులు పెట్టారు. 1917లో బెజవాడ పంచమ మహాసభకు భాగ్యరెడ్డి వర్మే అధ్యక్షుడు. ఆ సభ 'పంచమ' పేరును కాదని ఆది ఆంధ్ర అనిపించుకుంది. తన పేరు తానే పెట్టుకోవడం కన్నా పెద్ద పాఠమేముంది?

ఇది శిక్షణ కాకపోతే మరేంది? సర్టిఫికెట్ ఇయ్యలేదు, అంతే. సంఘసేవ చదువు 1936లో బొంబాయి టాటా సంస్థతో మొదలైందని రాసేవాళ్ళు ఆ ముప్పై ఏళ్ళను ఏ పద్దులో వేస్తారు? సర్కారు శిక్షణలో మాత్రం మాదిగ, మాల మనిషి లబ్ధిదారుల జాబితాలోనే కూర్చున్నాడు, పాఠం చెప్పే కుర్చీలో కాదు.