పాఠశాల రిజిస్టరు - సంఘ చరిత్ర
(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల నేపథ్యములో ఒక పరిశీలన)

సంఘ చరిత్ర వ్రాసేటప్పుడు మనము బాప్తిస్మపు రిజిస్టరులను వెదకుతాము గాని బడి అడ్మిషన్ రిజిస్టరును తెరచేది అరుదు. అయితే ఏ పాలెము బిడ్డలు బడిలో చేరారో, ఎవరు మధ్యలో మానుకున్నారో తెలిపేది ఆ పుస్తకమే.

అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో సేవ ఆరంభించారు. 1885లో ఉదయగిరిలోను, 1893లో ఆత్మకూరులోను మిషను కేంద్రములు ఏర్పడ్డాయి. సీతారామపురం ఈ మెట్ట ప్రాంతములోనిదే. ఈ కేంద్రములకు ముందే, బడిలో ఎవరు కూర్చోవాలి అనే ప్రశ్న ఒంగోలులో తలెత్తింది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ పాఠశాలకు అగ్రవర్ణముల వారు తమ కుమారులను పంపారు. అంతలో మాదిగలు క్రీస్తును అంగీకరించి సంఘములో చేరనారంభించారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలను పంపము అని పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ దంపతులు ఆ కలతలో ఎవరికి వారుగా బైబిలు తెరువగా ఇద్దరికీ కనబడినది 1 కొరింథీ 1వ అధ్యాయము 26వ వచనము నుండి ఉన్న భాగమే. మాదిగలను చేర్చుకున్నారు, అగ్రవర్ణ విద్యార్థులు వెళ్లిపోయారు. ఆ దినమున సంఖ్య తగ్గింది. కాని పేరు వ్రాయించుకొనే హక్కు లేనివారికి తలుపు తెరుచుకుంది. 1876-78 కరవు తరువాత వేలాదిగా విశ్వాసులు చేరినప్పుడు పాలెములలో చిన్న బడులు పెరిగాయి. వాటిలో అనేకచోట్ల వారమంతా అక్షరములు దిద్దించిన వ్యక్తే ఆదివారము వాక్యము చెప్పేవాడు.

నేడు ప్రశ్న మరొక రూపములో వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. 2022లో 117వ ఉత్తర్వు ద్వారా రాష్ట్రములో అనేక ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. ఆ ఉత్తర్వు 2025లో రద్దయింది. ఉత్తర్వులు మారవచ్చును గాని చిన్న బడిపై పడే మొదటి మాట ఒక్కటే: "పిల్లలు తక్కువ."

తక్కువ అన్నప్పుడు ఆ మిగిలినవారు ఎవరని మనము అడగాలి. స్తోమత ఉన్నవారు బిడ్డలను ప్రైవేటు బడి బస్సు ఎక్కిస్తారు. బస్సు ఫీజు కట్టలేని కూలీల బిడ్డలకు, యానాది కాలనీ బిడ్డలకు, తల్లిదండ్రులు వలస వెళ్లగా అవ్వ దగ్గర మిగిలిన బిడ్డలకు ఊరి బడే ఆధారము. అక్కడ ఇరవై పేర్లు ఉంటే, ఆ ఇరవై మందికి వేరొక బడి లేదన్నమాట.

కాబట్టి పాస్టరులారా, వేదాంత విద్యార్థులారా, మీ గ్రామ ప్రధానోపాధ్యాయుని అడిగి మూడు సంగతులు తెలిసికొనండి. ఒకటవ తరగతిలో చేరినవారిలో ఎందరు అయిదవ తరగతి ముగించారు? వారిలో బాలికలెందరు? మన సంఘపు బిడ్డలలో ఎవరి పేరు ఆ రిజిస్టరులో లేదు? మూడవ ప్రశ్నకు జవాబు దొరికిన ఇంటికి మనము ఆ వారమే వెళ్లాలి.