పాత సాంచాను బాగుచేయడం ఎందుకు?



మన పూర్వభాగ్‌లో పాత సాంచా ఆగిపోతే ఇప్పుడు రెండే దారులు. మూలన పడి తుప్పు పట్టాలి, లేదా కిలోల లెక్కన పాత ఇనుము దుకాణానికి పోవాలి. అలా పోబోయిన ఒక జకార్డ్ సాంచాను మన సభ్యులొకరు సంఘానికి ఇచ్చారు. రిటైరైన మేము నలుగురం, ఒక ముసలి జాబర్‌ను వెంటబెట్టుకుని దాన్ని బాగుచేస్తున్నాం. "ఇంత కష్టం దేనికి?" అని చాలామంది అడుగుతున్నారు. జవాబు మన చరిత్రలోనే ఉంది.

రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి రైలుతోనే మొదలుపెడతాం. 1860లో జి.ఐ.పి. రైలు షోలాపూర్ చేరింది. 1871లో ఆ లైను రాయచూర్ దగ్గర మద్రాసు లైనుతో కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు నడిచింది. 1877లో ఇక్కడ మనం జూనీ మిల్లు అనే షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వెలిసింది. ఈ నాలుగు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇటు పని ఉంది, అటు తెలంగాణ పల్లెల్లో పని కరువైన నేతగాళ్ళున్నారు, మధ్యలో రైలు దారి పడింది. మన ముందుతరాలు ఇక్కడికి వచ్చి మిల్లులో చేశారు, ఇంట్లో మగ్గం నేశారు, తర్వాత సాంచాలు పెట్టుకున్నారు.

ఆ సాంచా మీద కూర్చున్నదే జకార్డ్. దాన్ని మనం కనిపెట్టలేదు. ఫ్రాన్స్‌లోని లియోన్ పట్టణంలో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తయారుచేశాడు. అంతకు ముందు పూల నేత నేయాలంటే నేతగాడితో పాటు ఇంకొకరుండి, ఏ పోగులు లేవాలో చూసి దారాలు లాగాలి. జకార్డ్ ఆ పనిని అట్టలకు అప్పజెప్పాడు. అట్టలో చిల్లు ఉన్నచోట కొక్కెం పోగును పైకి లేపుతుంది, చిల్లు లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. మన చద్దర్ మీద నెమలి, పువ్వు తేలేది ఇలాగే. చిల్లులతో లెక్క చెప్పే ఈ ఉపాయాన్నే తర్వాత కంప్యూటర్లవాళ్ళు తీసుకున్నారు. మా రైల్వేలోనూ ఒకప్పుడు జీతాల లెక్కలు చిల్లుల కార్డుల మీదే నడిచాయి. షోలాపూర్ చద్దర్‌కు జి.ఐ. గుర్తింపు వచ్చింది కదా, ఆ పేరు వెనక ఈ అట్టల కట్టలున్నాయి.

ఇక పని సంగతి. విప్పేముందు ప్రతి భాగానికీ ఫోటో తీసి, నంబరు చీటీ కట్టాం. కొక్కేలను కిరోసిన్‌లో నానబెట్టి తుప్పు గీకాం. వంగినవాటిని జాబర్ ఒక్కొక్కటిగా చేత్తో సరిచేశాడు. మోటారుకు కొత్త వైండింగ్ చేయించాం. ఎలుకలు కొరికిన అట్టలను పాతవాటి కొలతకు కొత్తగా గుద్దించి, వరస తప్పకుండా దారంతో కుట్టాలి. ఒక్క అట్ట అటూఇటూ అయినా నెమలి మెడ విరిగినట్టే.

రంగు వేయాలా వద్దా అని మాలో మాకే వాదన జరిగింది. స్టార్ట్ చేసే హ్యాండిల్ ఎన్నో ఏళ్ళ చేతి చెమటకు అరిగి అద్దంలా మెరుస్తోంది. దానికి రంగు పూస్తే సాంచా కొత్తగా కనిపిస్తుంది, నేసిన మనిషి మాత్రం కనపడకుండా పోతాడు. కదలాల్సింది కదిలేలా చేద్దాం, అరుగును అలాగే ఉంచుదాం అని చివరికి తీర్మానించుకున్నాం.

బయటి దేశాల్లో పాత రిమోట్ కార్లను కూడా ఇలాగే బాగుచేసేవాళ్ళున్నారు. జపాన్‌లో తమియా కంపెనీ 1976లో మొదటి రిమోట్ కారు తెచ్చింది. అభిమానులు వదలకపోవడంతో తన పాత మోడళ్ళు కొన్నింటిని ఆ కంపెనీయే మళ్ళీ తయారుచేసి అమ్మింది. ఆట బొమ్మకే అంత ఆదరణ ఉంటే, మన కడుపు నింపిన యంత్రానికి ఎంత ఉండాలి?

కానీ సామాను కంటే ముందు మాయమయ్యేది పనితనం. ఆ జాబర్ కొక్కెం చప్పుడు విని తప్పు ఎక్కడుందో చెబుతాడు. అది ఏ పుస్తకంలోనూ లేదు. మేము చదివింది తమిళ బడిలో. అక్కడ పావు, ఊడై అన్నవి ఇక్కడ పడుగు, పేక అని పెద్దల నోట విని నేర్చుకున్నాం. ఇవాళ మన పిల్లలకు ఆ మాటలు చెప్పేవాళ్ళే తగ్గిపోతున్నారు. అందుకే సాంచాతో పాటు దాని ప్రతి భాగం పేరూ తెలుగులో రాసిపెడుతున్నాం.

సభ్యులకు మా విన్నపం ఒక్కటే. మీ ఇంటి అటక మీద పాత అట్టల కట్ట, నాడె, కండెలు ఏమున్నా అమ్మేముందు ఒక మాట చెప్పండి. మీ ఇంట్లో సాంచా నడిపిన పెద్దలుంటే, వాళ్ళ పక్కన గంటసేపు కూర్చుని వాళ్ళ మాట ఫోన్‌లో రికార్డు చేయండి. ఇనుము దొరక్కపోతే పోయించుకోవచ్చు, ఆ మాట పోతే మళ్ళీ రాదు.