కొవ్వు మార్పిడి శస్త్రచికిత్స: ప్రమాదాలు, జాగ్రత్తలు

పొట్ట, తొడల నుంచి తీసిన సొంత కొవ్వును శుద్ధి చేసి బుగ్గలు, రొమ్ములు, పిరుదుల్లోకి ఎక్కించే సౌందర్య చికిత్స ఇది. అన్నిటికన్నా భయపడాల్సింది పిరుదుల దగ్గరే. కొవ్వు ఎక్కించే గొట్టం కండరంలోకి దిగితే కొవ్వు పెద్ద సిరల్లో చొరబడి, ఊపిరితిత్తులకు చేరి, నిమిషాల్లో ప్రాణం తీయగలదు. అందుకే చర్మం కిందే, కండరానికి పైనే ఎక్కించాలని ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలు 2018లో హెచ్చరించాయి. 2022లో ఫ్లోరిడా రాష్ట్రం ఇందుకు అల్ట్రాసౌండ్‌ను తప్పనిసరి చేసింది. ముఖంలో కొవ్వు ధమనిలోకి వెళ్తే చూపు పోవచ్చు.

సినీనటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు చేయించుకున్న లైపోసక్షన్ (కొవ్వును పీల్చి తీసే శస్త్రచికిత్స) తెలుగునాట చర్చకొచ్చింది.

కావలి లాంటి ఊళ్ల నుంచి ఈ చికిత్స కోసం నెల్లూరుకో చెన్నైకో వెళ్లేవారు సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. పట్టా, ఆసుపత్రిలో ఐసీయూ ఉన్నాయో లేదో ముందే కనుక్కోవాలి. ఆపరేషన్ తర్వాత ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.