పాత బైనాక్యులర్స్ చేతికి అంటుకుంటున్నాయా? తుడిచే ముందు తెలుసుకోవాల్సినవి

పది, ఇరవై ఏళ్ళుగా బీరువాలో ఉన్న బైనాక్యులర్స్‌ను బయటకు తీస్తే తరచూ ఇదే కనిపిస్తుంది. అద్దాలు బాగానే ఉంటాయి, ఫోకస్ చక్రం తిరుగుతుంది. కానీ పైనున్న నల్లటి రబ్బరు పూత ముదురు పాకంలా వేళ్ళకు అంటుకుంటుంది. సంచీ నూలు పోగులు, దుమ్ము, వేలిముద్రలు దాని మీద అచ్చుపడి ఉంటాయి. సబ్బు నీళ్ళతో తుడిచినా, పౌడరు చల్లినా నాలుగు రోజుల్లో మళ్ళీ మామూలే. ఇక పనికిరాదని కొందరు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. కొందరు పెట్రోలో, థిన్నరో పెట్టి రుద్ది, బాగున్న భాగాలను కూడా పాడుచేస్తారు. నిజానికి ఇలాంటి వాటిలో చాలామటుకు పోయింది పైపూత మాత్రమే. ఆ పూత ఏ రకమో ముందుగా గుర్తుపడితే, తక్కువ ఖర్చుతో ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు.

ఖరగ్‌పూర్ గాలిలో రబ్బరు

ఈ సమస్య ఎక్కడైనా వస్తుంది. వేడి, తేమ రెండూ కలిసిన చోట త్వరగా వస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ సరిగ్గా అలాంటి ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు కట్టాక, అదే రైల్వే లైను వాల్తేరు దాకా ఉండటంతో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. మూడు, నాలుగు తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగువారు ఎందరో. మేలో 40 డిగ్రీలు దాటే ఎండ, జూన్ నుంచి అక్టోబరు దాకా గోడలు చెమ్మగిల్లే వాన, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి వారికి అలవాటే. ఇంట్లోని రబ్బరు, ప్లాస్టిక్ వస్తువులు మాత్రం ఆ వాతావరణానికి తట్టుకోలేవు.

ఈ లైను మీద బైనాక్యులర్స్‌కు పని కూడా ఉంది. చలికాలంలో హౌరా దగ్గరి సాంత్రాగాఛీ చెరువుకు వలస బాతులు వస్తాయి. సొంత ఊళ్ళకు వెళ్ళే దారిలో చిలికా సరస్సు తగులుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చేరతాయి. ఏడాదిలో రెండు మూడు నెలలు వాడి, మిగతా కాలమంతా సంచీలో కట్టిపెట్టడం వల్లనే పూత త్వరగా పాడవుతుంది.

అది మురికి కాదు

జిగురుగా ఉన్నది బయటి నుంచి వచ్చి చేరిన మురికి కాదు. పూత పదార్థమే విరిగిపోతోంది. సబ్బు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

1990ల తర్వాత వచ్చిన చాలా బైనాక్యులర్స్, కెమెరాలు, టార్చిలైట్ల మీద మెత్తగా, వెల్వెట్‌లా తగిలే పలుచని పూత వేశారు. ఇది ఎక్కువగా పాలీయురేథేన్. ఇందులో పాలియెస్టర్ రకం గొలుసుల్లో ఎస్టర్ బంధాలు ఉంటాయి. గాలిలోని తేమ ఆ బంధాలను కొద్దికొద్దిగా తెంచుతుంది. దీన్నే జలవిశ్లేషణ అంటారు. తెగినచోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం పక్క బంధాలు తెగడాన్ని ఇంకా వేగం చేస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి బాగున్న పూత, మొదలయ్యాక ఒకటి రెండు వానాకాలాల్లోనే పాకంగా మారుతుంది. పాలీఈథర్ రకం పాలీయురేథేన్ తేమను ఇంతకంటే బాగా తట్టుకుంటుంది. అయితే ఏ వస్తువు మీద ఏది వేశారో పెట్టె మీద రాసి ఉండదు.

మందమైన రబ్బరు తొడుగుల కథ వేరు. సహజ రబ్బరులో ఆక్సిజన్ దాడి చేయడానికి వీలైన జంట బంధాలు ఉంటాయి. వేడికి ఆ దాడి పెరిగి, పొడవైన గొలుసులు ముక్కలై రబ్బరు మెత్తబడి జిగురవుతుంది. ఎస్‌బీఆర్, నైట్రైల్ వంటి కృత్రిమ రబ్బర్లలో ఎక్కువగా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. గొలుసులు ఒకదానికొకటి మరింతగా ముడిపడి, రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది. ఇవి కాక, మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజర్ నూనెలు పైకి ఊరి వచ్చినా జిడ్డు పట్టినట్టు ఉంటుంది.

రబ్బరుకు ఈ గుణం కొత్తది కాదు. 1830లలో అమెరికాలో తయారైన రబ్బరు బూట్లు, కోట్లు వేసవి వేడికి కరిగి ముద్దయ్యాయి. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి వేడిచేసే పద్ధతిని కనుక్కున్నాకే రబ్బరు నిలకడగల వస్తువైంది. ఆ వల్కనైజేషన్ కూడా జిగురయ్యే ఘడియను వాయిదా వేస్తుందే తప్ప రద్దు చేయదు. రబ్బరును కాలం, వేడి, గాలి ఎలా మారుస్తాయన్నది నేటికీ పరిశోధనాంశమే. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ప్రత్యేకంగా రబ్బర్ టెక్నాలజీ సెంటర్ ఉంది.

దీని అర్థం ఒక్కటే. తెగిన గొలుసులను ఇంట్లో ఏ మందూ తిరిగి అతికించదు. జిగురు పూతను నయం చేయడం కుదరదు, తీసేయడమే కుదురుతుంది.

ముందు రకం గుర్తుపట్టాలి

తొడుగు అంచు దగ్గర, లేదా రెండు గొట్టాలను కలిపే మడత దగ్గర గోటితో మెల్లగా గీకి చూస్తే తేడా తెలుస్తుంది.

*పలుచని పూత:* గోటికి రంగులా ఊడి వచ్చి, కింద గట్టి ప్లాస్టిక్ లేదా లోహం కనిపిస్తుంది. ఇది బాగుచేయడానికి అన్నిటికంటే తేలిక. పూతంతా తీసేస్తే కింది భాగం నున్నగా, పొడిగా మిగులుతుంది.

*మందమైన రబ్బరు తొడుగు:* గోరు దిగుతుంది, లోపల కూడా రబ్బరే ఉంటుంది. జిగురు పైపొరకే పరిమితమైతే తుడిస్తే సరిపోతుంది. నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే రబ్బరు లోపలిదాకా పోయినట్టు, తొడుగు మార్చాల్సిందే.

*పాత లెదరెట్, వల్కనైట్:* అరవై, డెబ్బై ఏళ్ళనాటి బైనాక్యులర్స్ మీద గరుకు చర్మంలా కనిపించే పొర ఉంటుంది. ఇది సాధారణంగా జిగురవదు, పెళుసై పెచ్చులూడుతుంది. అంచుల్లో జిగురు కనిపిస్తే అది కింద వేసిన పాత గమ్ము. దాన్ని మాత్రమే తుడవాలి.

రబ్బరు మీద తెల్లగా పొడిలా పేరుకునేది వేరే సంగతి. రబ్బరులో కలిపిన మైనం లేదా గంధకం పైకి రావడం వల్ల అలా అవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

తుడిచే పద్ధతి

కావాల్సినవి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత నూలు బనియను ముక్కలు, మెత్తటి టూత్‌బ్రష్, ఐస్‌క్రీం పుల్ల, చేతి తొడుగులు. 70 శాతం ఆల్కహాల్ మందుల షాపులో దొరుకుతుంది. ఫోన్లు బాగుచేసేవారు వాడేది 99 శాతం దాకా ఉంటుంది. నీరు తక్కువ కాబట్టి ఈ పనికి అదే మేలు. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు. దానిలోని గ్లిజరిన్, జెల్ కొత్త జిగురును మిగులుస్తాయి.

1. బ్రాండు పేరు, 8×30 లేదా 7×50 వంటి అంకెలు, సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకోవాలి. పూతపై అచ్చువేసిన అక్షరాలు పూతతోపాటే పోతాయి.

2. ముందు, వెనక అద్దాలకు మూతలు పెట్టి, అంచుల్లో కాగితపు టేపు అంటించాలి. జిగురు అద్దం మీద పడితే దాన్ని తుడిచేటప్పుడు దుమ్ము రేణువులు అద్దం పూతను గీకుతాయి. అద్దాల మెరుపును తగ్గించే ఆ పలుచని పూత పోతే ఇంట్లో తిరిగి వేయలేం.

3. కనిపించని చోట ఒక చుక్క పెట్టి రెండు నిమిషాలు ఆగాలి. కింది ప్లాస్టిక్ తెల్లబడినా, మెత్తబడినా ఆపేయాలి.

4. ద్రవాన్ని గుడ్డ మీదే పోయాలి, బైనాక్యులర్స్ మీద పోయకూడదు. పాత మోడళ్ళలో చాలావాటికి నీరు చొరబడని కట్టు ఉండదు. సందుల్లోంచి లోపలికి పోతే ప్రిజంల మీద మరక పడుతుంది, కీళ్ళలోని గ్రీజు కరుగుతుంది.

5. అరచేయంత భాగాన్ని తడిపి, రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, ఒకే దిశలో తుడవాలి. గుడ్డ నల్లబడగానే మార్చాలి. అదే గుడ్డతో రుద్దితే జిగురు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుందంతే. గాడుల్లో బ్రష్, మూలల్లో పుల్ల వాడాలి.

6. పలుచని పూతను సగం తీసి వదిలేయకూడదు. మిగిలిన సగం వచ్చే వానాకాలంలో జిగురవుతుంది.

7. మందమైన తొడుగు అయితే పైపొర తుడిచాక ఆపేయాలి. పదేపదే తుడిస్తే రబ్బరులోని నూనెలు పోయి పగుళ్ళు మొదలవుతాయి. రెండు వారాల్లో జిగురు తిరిగి వస్తే తుడవడం వల్ల లాభం లేదు.

ఆల్కహాల్ తేలిగ్గా అంటుకుంటుంది. పొయ్యి, దీపం, అగరుబత్తి దగ్గర లేకుండా, కిటికీ తీసి, ఫ్యాను గాలిలో చేయాలి.

చేయకూడనివి

అసిటోన్, గోళ్ళ రంగు తుడిచే ద్రవం, పెయింటు థిన్నర్ జిగురును క్షణాల్లో తీస్తాయి, కింది ప్లాస్టిక్‌ను, రంగును కూడా తీసేస్తాయి. పెట్రోలు రబ్బరును ఉబ్బిస్తుంది, నిప్పు ప్రమాదం అదనం. కొబ్బరి నూనె, వ్యాసెలిన్, కారు డాష్‌బోర్డు పాలిష్ ఆ పూటకు మెరుపునిచ్చినా, దుమ్మును పట్టి ఉంచుతాయి. టాల్కం పౌడరు, వంట సోడా కొన్నాళ్ళు జిగురును కప్పిపెడతాయి, కానీ ఆ పొడి ఫోకస్ చక్రంలోకి, కీళ్ళలోకి చేరుతుంది.

దోమల క్రీము సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కొన్ని దోమల మందుల్లో ఉండే డీఈఈటీ అనే రసాయనం ప్లాస్టిక్‌లను, పూతలను కరిగించగలదు. చెరువు గట్టున పక్షులను చూసేవారు అది రాసుకున్న చేతులతోనే బైనాక్యులర్స్ పట్టుకుంటారు. అరచేతులు తుడుచుకుని పట్టుకోవడం ఉత్తమం.

తొడుగు మార్చాల్సి వస్తే

లోపలిదాకా పోయిన రబ్బరును పుల్లతో నెమ్మదిగా ఎత్తి తీయవచ్చు. ఇక్కడే అసలు జాగ్రత్త అవసరం. చాలా పోరో ప్రిజం బైనాక్యులర్స్‌లో తొడుగు కింద, ప్రిజంలు ఉండే ఉబ్బెత్తు భాగంలో చిన్న మరలు ఉంటాయి. రెండు గొట్టాల చూపును ఒకే గీత మీదకు తెచ్చేవి అవే. బిగించాలన్న ఉద్దేశంతో పావు వంతు తిప్పినా చూపు రెండుగా కనిపిస్తుంది, కళ్ళు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. వాటిని ముట్టుకోకూడదు.

పని పూర్తయ్యాక దూరంగా ఉన్న డాబా అంచునో, కరెంటు తీగనో చూడాలి. ఒకే గీతగా కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. తీసిన చోట వెనక గమ్ము ఉన్న పలుచని లెదరెట్ అతికించవచ్చు. ఫోకస్ చక్రం మీది రబ్బరు పట్టీ పోతే, సరైన కొలత సైకిల్ ట్యూబు నుంచి కోసిన పట్టీ సరిపోతుంది. కళ్ళకు ఆనే రబ్బరు కప్పులు మాత్రం జిగురైతే మార్చడమే మంచిది, అవి చర్మానికి తగులుతాయి.

ఖరీదైన బ్రాండ్ల విషయంలో ఏ ప్రయత్నమూ చేయకముందే కంపెనీ సర్వీసు విభాగాన్ని అడగాలి. తొడుగు మార్చి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. సైనిక ముద్రలున్న పాత వాటికి అసలు తొడుగుతోనే విలువ, కాబట్టి అంచుల జిగురు తుడిచి ఆపడం మంచిది.

మళ్ళీ రాకుండా

తోలు సంచీలో, ప్లాస్టిక్ కవరులో గాలి ఆడకుండా కట్టిపెట్టడం రెండు విధాలా నష్టం. లోపల చిక్కిన తేమ పూతను తెంచుతుంది, అద్దాల మీద బూజును పెంచుతుంది. సాపేక్ష ఆర్ద్రత 60 శాతం మించితే బూజు భయం మొదలవుతుంది. వానాకాలంలో ఖరగ్‌పూర్ ఇళ్ళలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే రబ్బరుకూ, అద్దానికీ క్షేమం. చవకగా దొరికే తేమ మీటరు ఒకటి డబ్బాలో పెట్టుకోవచ్చు. రంగు మారిన జెల్‌ను వేడిచేసి ఆరబెడితే మళ్ళీ పనిచేస్తుంది. జెల్ లేకపోతే సంచీలోంచి తీసి, ఎండ తగలని అలమారాలో గాలి ఆడేలా ఉంచడం మేలు.

జిగురు తుడిచిన రోజే ఇంకో పరీక్ష చేయాలి. ముందు అద్దంలోంచి టార్చి వేసి, కంటి వైపు నుంచి లోపలి గోడలను, అద్దాలను ఏటవాలుగా చూడాలి. సాలెగూటి పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. జిగురు చేతికి తగిలి తనను తాను చాటుకుంటుంది, బూజు మాత్రం చప్పుడు లేకుండా అద్దాన్ని తినేస్తుంది. పైపూత పోయినా బైనాక్యులర్స్ పనిచేస్తాయి. అద్దం పోతే మిగిలేది ఒట్టి గొట్టాలే. బూజు కనిపిస్తే ఇంట్లో విప్పకుండా, ఆ వానాకాలం ముగిసేదాకా ఆగకుండా, కెమెరా లెన్సులు బాగుచేసేవారి దగ్గరకు తీసుకెళ్ళాలి.