బోస్టన్ వదులుకున్నవాళ్ళు

బోస్టన్ వాళ్ళను మీ బేస్‌బాల్ జట్టు చరిత్ర చెప్పమని అడిగి చూడండి. గెలిచిన కప్పుల మాట తర్వాత వస్తుంది. ముందు, వదులుకున్న ఆటగాళ్ళ చిట్టా విప్పుతారు. 1919లో రూత్‌ని అమ్ముకున్నారు, 1980లో ఫిస్క్‌ని పోగొట్టుకున్నారు, 1990లో బ్యాగ్‌వెల్‌ని ఇచ్చేశారు, 2020లో బెట్స్‌ని పంపేశారు. తాతల నాడు ఏ మాగాణి ఎంతకు తెగనమ్మారో మన పల్లెల్లో చెప్పుకునే తీరులోనే, ఏళ్ళతో, ధరలతో సహా. నేనీ ఊరు వచ్చిన కొత్తలో అమెరికా చరిత్ర పుస్తకాల్లో చదివి కొంత తెలుసుకున్నాను. మిగతాది ఈ తగువులు వింటూ నేర్చుకున్నాను.

2025 జూన్ 15, ఆదివారం. బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ తన ఆగర్భ శత్రువు న్యూయార్క్ యాంకీస్‌ను వరసగా మూడో మ్యాచ్‌లో ఓడించింది. ఆ సాయంత్రమే తన ముఖ్యమైన బ్యాటర్ రఫాయెల్ డెవర్స్‌ను శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకు పంపేసింది. మర్నాడు మా ఆఫీసులో చాలాసేపు ఎవరూ పనిలోకి దిగలేదు. పదేళ్ళకు 31 కోట్ల 35 లక్షల డాలర్ల ఒప్పందం ఉన్న ఆటగాడు. అతని స్థానంలోకి వేరొకర్ని తెచ్చి, ఇక ఫీల్డింగ్ వద్దు, బ్యాటింగ్ చాలు అన్నారు. అయిష్టంగానే ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకు ఇంకొకడికి గాయమైతే, ఇప్పుడు ఆ స్థానంలో ఆడు అన్నారు. ఆడనన్నాడు. అంత సొమ్ము తీసుకుంటూ జట్టు అవసరానికి ఆడడా అని కొందరు. మాట మార్చింది యాజమాన్యం కదా అని మరికొందరు. ఇద్దరి తిట్లూ కలిసే చోటు ఒకటుంది: జీఎం.

జీఎం అంటే జనరల్ మేనేజర్. మనకు సెలెక్టర్లు తెలుసు. 2019 ప్రపంచకప్ జట్టులో అంబటి రాయుడిని కాదని విజయ్ శంకర్‌ను తీసుకున్నప్పుడు తెలుగు ఇళ్ళల్లో ఎంత రగడ జరిగిందో గుర్తుండే ఉంటుంది. వద్దన్న కమిటీకి పెద్ద ఎమ్మెస్కే ప్రసాద్‌దీ, రాయుడిదీ ఒకటే గుంటూరు కావడం ఆ మంటకు మరింత నెయ్యి పోసింది. కానీ సెలెక్టరు అధికారం పేరు రాయడంతో, కొట్టేయడంతో సరి. ఇక్కడి జీఎం కుర్రాళ్ళను వెతికి పట్టిస్తాడు, జీతం బేరమాడతాడు, ఒకరినిచ్చి ఇద్దర్ని తెస్తాడు, అక్కర్లేదనుకుంటే సీజన్ మధ్యలోనే దేశం ఆ చివరికి పంపేస్తాడు. భార్యాపిల్లలు, అద్దె ఇల్లు, బడి అన్నీ వెనకే సర్దుకోవాలి. మైదానం పక్కన కూర్చుని మ్యాచ్ నడిపే మేనేజర్ వేరే ఉంటాడు. ఓడితే ముందు తిట్లు అతనికి పడతాయి, ఎక్కువ కాలం పడేవి జీఎంకి.

మనుషుల్ని ఇలా మార్చుకునే హక్కు జట్లకు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే అసలు కథ.

బేబ్ రూత్ 1919లో 29 హోమ్ రన్‌లు కొట్టాడు. అప్పటికి అదే రికార్డు. ఏడాదికి 10,000 డాలర్లు ఇస్తున్నారు, 20,000 కావాలన్నాడు. అప్పట్లో రెడ్ సాక్స్ యజమాని హ్యారీ ఫ్రేజీ, నాటకాలు వేయించే వ్యాపారి. జీఎంలు వగైరా లేరు, అన్నీ ఆయనే. ఆ డిసెంబరులో రూత్‌ను లక్ష డాలర్లకు యాంకీస్‌కు అమ్మేశాడు. దాంతోపాటు సొంత మైదానం ఫెన్‌వే పార్కును తాకట్టుగా చూపి యాంకీస్ యజమాని దగ్గరే మూడు లక్షల అప్పు ఖాయం చేసుకున్నాడు. మరుసటి ఏడు రూత్ న్యూయార్క్‌లో 54 హోమ్ రన్‌లు కొట్టాడు. 1918లో కప్పు గెలిచిన బోస్టన్ మళ్ళీ గెలవడానికి 86 ఏళ్ళు పట్టింది. ఈలోగా యాంకీస్ 26 సార్లు గెలిచింది.

దీన్నే రూత్ శాపం అన్నారు. 1990లో ఒక బోస్టన్ పత్రికా రచయిత ఆ పేరుతో పుస్తకం రాశాక అది ఇంటింటి మాటైంది. రూత్‌ను అమ్మిన సొమ్ముతో ఫ్రేజీ ‘నో, నో, నానెట్’ అనే సంగీత నాటకం ఆడించాడని ఇప్పటికీ చెబుతారు. ఆ నాటకం బ్రాడ్‌వేకి వచ్చింది 1925లో. ఇంత తీరుబడిగా ఖర్చుపెట్టేవాడికి అప్పు అవసరం ఏమిటని అడిగినవాళ్ళు తక్కువ.

రూత్ అమ్మకంలో నాకు వింతగా తోచిన సంగతి ధర కాదు. వెళ్తావా అని రూత్‌ను అడగనక్కర్లేకపోవడం. ఒప్పందం ముగిసినా ఆటగాడి మీద హక్కు జట్టుకే ఉండేది. దాన్ని రిజర్వ్ క్లాజు అనేవారు. ఉంటే అక్కడ ఆడాలి, లేదా ఆటే మానుకోవాలి. 1922లో సుప్రీంకోర్టు, బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారం కిందికి రాదు కాబట్టి గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని తీర్పిచ్చింది. రైళ్ళెక్కి రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తిరిగి ఆడి టికెట్లమ్ముకునే ఆట గురించి ఈ మాట!

1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాణ్ణి ఫిలడెల్ఫియాకు మార్చింది. పన్నెండేళ్ళు ఆ జట్టుకు ఆడినవాడు. నేను వెళ్ళనన్నాడు. ఇష్టానికి విరుద్ధంగా కొనడానికీ అమ్మడానికీ నేను సరుకును కానని బేస్‌బాల్ కమిషనర్‌కు లేఖ రాసి, కోర్టుకెక్కాడు. బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో రాజ్యాంగ సవరణను కూడా తన వాదనలో చేర్చాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో కాదంది. అతని ఆట అప్పటికే ముగిసిపోయింది. మూడేళ్ళ తర్వాత, 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి వేరే ఇద్దరు పిచర్ల (బంతి విసిరేవాళ్ళ) కేసులో ఆటగాళ్ళకు అనుకూలంగా తేల్చడంతో ఆ క్లాజు కూలింది. ఇప్పుడు కోట్లు తీసుకునేవాళ్ళలో ఫ్లడ్ పేరు ఎందరికి గుర్తుందో గాని, తలుచుకోవాల్సింది వాళ్ళే.

ఆటగాడికి హక్కు వచ్చాక పాత యాజమాన్యాలు ఎలా తడబడ్డాయో ఫిస్క్ ఉదంతం చెబుతుంది. ఇది నాకు చాలా ఇష్టమైన కథ. కార్ల్‌టన్ ఫిస్క్ న్యూ హాంప్‌షైర్ పల్లెలో పెరిగిన క్యాచర్, అంటే బోస్టన్ వాళ్ళకు ఇంటి పిల్లాడు. 1975 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో పన్నెండో ఇన్నింగ్స్‌లో బంతిని గాల్లోకి లేపి, గీత దాటి బయటికి పోవద్దని రెండు చేతులతో దాన్ని లోపలికి తోస్తూ గెంతిన దృశ్యం అమెరికాలో చూడనివాళ్ళుండరు. అలాంటివాడికి కొత్త ఒప్పందం కాగితం 1980 డిసెంబరు 20లోగా పోస్టు చేయాలి. రెడ్ సాక్స్ ఆఫీసు 22న చేసింది. రెండు రోజుల ఆలస్యం. దాంతో ఫిస్క్‌కు స్వేచ్ఛ వచ్చి షికాగో వైట్ సాక్స్‌లో చేరాడు. తన 27 నంబరును తిరగేసి 72 వేసుకున్నాడు. 1981 సీజన్ తొలి మ్యాచ్ ఫెన్‌వేలోనే, పాత జట్టు మీదే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి షికాగోను గెలిపించాడు. ఆ ఆలస్యం నిర్లక్ష్యమా, జీతం మిగుల్చుకునే ఎత్తుగడా అని వయసు మళ్ళిన అభిమానులు ఇప్పటికీ తన్నుకుంటారు. ప్రభుత్వాఫీసుల్లో ఫైళ్ళు చూసి పెరిగినవాణ్ణి కనుక నా ఓటు నిర్లక్ష్యానికే.

బ్యాగ్‌వెల్ విషయంలో మాత్రం నేను జనంతో ఏకీభవించను. 1990 ఆగస్టు చివర రెడ్ సాక్స్‌కు ఒక నమ్మకమైన పిచర్ అవసరమయ్యాడు. జీఎం లూ గోర్మన్, ఇంకా చిన్న లీగ్‌లో ఆడుతున్న జెఫ్ బ్యాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కిచ్చి లారీ ఆండర్సన్‌ను తెచ్చాడు. ఆండర్సన్ 22 ఇన్నింగ్స్ బాగా వేశాడు, జట్టు డివిజన్ గెలిచింది, తర్వాతి దశలో ఓక్లాండ్ చేతిలో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఇంటికొచ్చింది. ఆండర్సన్ ఆ చలికాలమే వెళ్ళిపోయాడు. బ్యాగ్‌వెల్ హ్యూస్టన్‌కు 449 హోమ్ రన్‌లు కొట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. కానీ అతను ఆడే మూడో బేస్ స్థానంలో అప్పుడు బోస్టన్‌కు వేడ్ బాగ్స్ అనే మేటి ఉన్నాడు. ఆ రోజున ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో. ఫలితం తెలిశాక తీర్పు చెప్పడం ఎవరికైనా వచ్చిన విద్యే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ ఆట అంటుకోవడానికి కారణం బిల్ జేమ్స్. కాన్సస్‌లో ఒక ఆహార డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలాకాస్తూ, స్కోరు లెక్కలు తిరగేసి, 1977లో సొంతంగా ఓ చిన్న పుస్తకం అచ్చేసుకున్నాడు. కొట్టి బేస్ చేరినా, బంతిని వదిలేసి నడిచి చేరినా చేరడమే ముఖ్యమనీ, సగటు ఒక్కటే చూసి ఆటగాణ్ణి కొనడం దండగనీ ఆయన వాదన. పాతికేళ్ళు జట్లవాళ్ళు నవ్వారు. 2002లో రెడ్ సాక్స్ కొత్త యజమాని జాన్ హెన్రీ ఆయన్నే సలహాదారుగా పెట్టుకున్నాడు. హెన్రీ కూడా లెక్కలతో సరుకుల మార్కెట్లో సంపాదించినవాడే. ఆ నవంబరులోనే ఫెన్‌వే పక్కనున్న బ్రూక్లైన్‌లో పెరిగిన థియో ఎప్‌స్టీన్‌ను జీఎంను చేశాడు. వయసు 28. మిన్నెసోటా అక్కర్లేదని వదిలేసిన డేవిడ్ ఆర్టిజ్‌ను ఎప్‌స్టీన్ 12 లక్షల 50 వేల డాలర్లకే తెచ్చాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది 2004 జులై 31న. ఆ రోజు నోమార్ గార్సియాపారాను పంపేశాడు. రెండుసార్లు బ్యాటింగ్ సగటులో లీగ్ మొత్తానికీ మొదటివాడు, ఊళ్ళో పిల్లలందరి చొక్కాల మీద అతని 5 నంబరే. గాయాల పాలవుతున్నాడు, ఫీల్డింగ్ తగ్గింది, జీతం దగ్గర పేచీ ఉంది. లెక్క పంపెయ్యమంది, ఊరు ససేమిరా అంది. బదులుగా వచ్చిన ఆర్లాండో కబ్రేరా, డగ్ మింట్‌కేవిచ్ పేర్లు పలకడమే కష్టమైంది. అదే రోజు ఇంకో చిన్న బేరంలో డేవ్ రాబర్ట్స్ అనే వేగంగా పరిగెత్తే ఆటగాడు కూడా వచ్చాడు.

అక్టోబరులో యాంకీస్‌తో సిరీస్. మూడు మ్యాచ్‌లు వరసగా ఓడారు. నాలుగోది కూడా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 4-3తో వెనకబడి, ఎదురుగా యాంకీస్ పిచర్ మరియానో రివేరా. కెవిన్ మిలార్ నడిచి బేస్ చేరితే, అతని బదులు పరిగెత్తడానికి రాబర్ట్స్‌ను దించారు. అతను రెండో బేస్ దొంగిలిస్తాడని, అంటే బంతిని కొట్టకముందే అక్కడికి ఉరుకుతాడని, మైదానంలో అందరికీ తెలుసు. దొంగిలించాడు. స్కోరు సమమైంది, పన్నెండో ఇన్నింగ్స్‌లో ఆర్టిజ్ హోమ్ రన్‌తో ముగించాడు. 0-3 నుంచి లేచి సిరీస్ గెలిచిన జట్టు బేస్‌బాల్‌లో అంతకు ముందు లేదు. అక్కణ్ణుంచి వరల్డ్ సిరీస్‌కు వెళ్తే, అక్టోబరు 27న కప్పు వచ్చింది. చూడకుండానే పోయిన తండ్రుల, తాతల సమాధుల దగ్గరికి జనం జెండాలు, పేపర్లు పట్టుకెళ్ళి పెట్టారు. నోమార్‌ను పంపినందుకు ఎప్‌స్టీన్‌ను తిట్టిపోసినవాడు ఆ తర్వాత నాకొక్కడూ తగల్లేదు.

బెట్స్ సంగతి తలుచుకుంటే ఆ లెక్కలే బెడిసికొట్టిన రోజు గుర్తొస్తుంది. 2018లో కప్పు తెచ్చి, లీగ్‌లో ఉత్తముడనిపించుకున్న మూకీ బెట్స్‌ను 2020 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలస్ డాడ్జర్స్‌కు ఇచ్చేశారు. ఏడాదిలో ఒప్పందం అయిపోతుంది, జీతాల మొత్తం గీత దాటితే పన్ను పడుతుంది అన్నారు. బదులు వచ్చిన ముగ్గురిలో ఒకణ్ణి తర్వాత వదిలేశారు, ఇంకొకణ్ణి యాంకీస్‌కే ఇచ్చారు. డాడ్జర్స్ బెట్స్‌తో 2020, 2024, 2025ల్లో కప్పులు గెలిచింది. డెవర్స్ మీద రెండు వైపులా వాదించవచ్చు. దీని మీద వాదన లేదు. అప్పటి అధికారి ఖాయిమ్ బ్లూమ్‌ను 2023లో ఇంటికి పంపారు. పన్ను లెక్క చూసుకున్న యజమాని అక్కడే ఉన్నాడు.

ఇన్ని పేర్లు వల్లించేవాళ్ళ నోట ఒక తేదీ మాత్రం అరుదుగా వస్తుంది. 1945 ఏప్రిల్ 16. అప్పటికి పెద్ద లీగ్‌లో నల్లవాళ్ళకు చోటు లేదు. ఇజడోర్ మచ్నిక్ అనే నగర కౌన్సిలర్, ఆదివారాలు మ్యాచ్‌లాడే అనుమతికి అడ్డుపడతానని పట్టుబడితే, రెడ్ సాక్స్ ముగ్గురు నల్ల ఆటగాళ్ళను ఫెన్‌వేకి పిలిచి పరీక్షించింది: జాకీ రాబిన్సన్, శామ్ జెత్రో, మార్విన్ విలియమ్స్. బాగా ఆడారు. కబురు చేస్తామన్నారు. చేయలేదు. అప్పటి యజమాని టామ్ యాకీ, జీఎం ఎడీ కాలిన్స్.

ఆరు నెలలకు బ్రూక్లిన్ జట్టు నడిపే బ్రాంచ్ రికీ రాబిన్సన్‌ను తీసుకున్నాడు. రికీ మహాత్ముడేం కాదు. రాబిన్సన్ ఆడుతున్న నీగ్రో లీగ్ జట్టుకు పైసా ఇవ్వలేదు. కానీ ఆటగాణ్ణి చూసే కన్ను ఉంది. 1947లో రాబిన్సన్ ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు, 1949లో లీగ్‌లోనే ఉత్తముడు. 1950లో ఉత్తమ కొత్త ఆటగాడు శామ్ జెత్రో, అదీ బోస్టన్‌లోనే ఉన్న ఇంకో జట్టు బ్రేవ్స్ తరఫున. ఇక రెడ్ సాక్స్ లెక్క చూడండి. 1948లో క్లీవ్‌లాండ్‌తో సమానంగా నిలిచి, ఒక్క అదనపు మ్యాచ్‌లో ఓడింది. ఆ క్లీవ్‌లాండ్‌లో లారీ డోబీ, శాచెల్ పేజ్ అనే ఇద్దరు నల్ల ఆటగాళ్ళున్నారు. 1949లో చివరి రోజు చివరి మ్యాచ్‌లో యాంకీస్‌కు అగ్రస్థానం వదులుకుంది. టెడ్ విలియమ్స్ లాంటి బ్యాటర్ ఉండి కూడా. ఆ రెండేళ్ళు రాబిన్సన్ ఈ జట్టులో ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి బిల్ జేమ్స్ అక్కర్లేదు.

ఉన్న 16 జట్లలో నల్ల ఆటగాణ్ణి అన్నిటికన్నా ఆఖరున దించింది రెడ్ సాక్సే. 1959 జులై 21న, పంప్సీ గ్రీన్‌ను. రాబిన్సన్ ఆడటం మానేసి కూడా అప్పటికి మూడేళ్ళవుతోంది. చచ్చిపోయిన నాటకాల వ్యాపారి మీదికి శాపం నెట్టేస్తే, 1976 దాకా పెత్తనం చేసిన యాకీని ఎవరూ నిలదీయనక్కర్లేదు. శాపం కథ అంతకాలం బతకడానికి ఆ సౌకర్యం కూడా ఒక కారణమని నా నమ్మకం. రెడ్ సాక్స్ చరిత్రలో అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం నా లెక్కలో రూత్ అమ్మకం కాదు, 1945లో చేయని ఆ కబురు. యాకీ పోయాక ఫెన్‌వే ముందున్న వీధికి ఆయన పేరు పెట్టారు. ఆయన పేరిట నడిచే ధర్మసంస్థ ఆస్పత్రులకిచ్చిన విరాళాలు చూపి వద్దన్నా, 2018లో క్లబ్బే స్వయంగా అడిగి ఆ పేరు తీయించింది. ఆ వీధి ఇప్పుడు మళ్ళీ పాత జెర్సీ స్ట్రీటే.