మందుసీసాపై రాజముద్ర

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు పత్రికల పాత సంచికలను తిరగవేసిన వారికి ఒక వింత ధర మాటిమాటికి కంటబడుతుంది. గుళికల పెట్టె గాని, లేపనపు భరిణె గాని, దగ్గుమందు సీసా గాని, ఏది చూచినా ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. ఆనాటి షిల్లింగుకు 12 పెన్నీలు. సరుకుకు నిండు ధర పెట్టక, వర్తకుడు ఈ ఒకటిన్నర పెన్నీ తోకను ఎందుకు తగిలించుకొన్నట్లు? ఆ తోక వర్తకునిది కాదు, ప్రభుత్వానిది. దానిని పట్టుకొని పోయినామంటే ఒక శతాబ్దపు వైద్య చరిత్ర, పత్రికల చరిత్ర, కొంతవరకు ఆ దేశపు ఖజానా చరిత్ర కూడ మన చేతికి చిక్కుతవి.

1783లో బ్రిటిషు ప్రభుత్వం మందులపై స్టాంపు సుంకం విధించినది. 1812లో శాసనాన్ని సవరించి స్థిరపరచినది. షిల్లింగు వరకు ధర గల మందుకు ఒకటిన్నర పెన్నీ. ధర హెచ్చినకొద్దీ సుంకం హెచ్చు. సుంకం చెల్లినట్లు గుర్తుగా ఒక సన్నని కాగితపు చీటీని మూతమీదుగా అతికించేవారు. సీసా విప్పవలెనంటే ఆ చీటీ చినగవలసిందే. అది పన్ను రశీదు, అంతకుమించి ఏమీ కాదు. అయితే దానిమీద ఉన్నది ప్రభుత్వ ముద్ర. పొద్దస్తమానం మిల్లులో పనిచేసి, జీతం డబ్బులు గుడ్డలో ముడివేసికొని అంగడికి వచ్చిన కూలివాడు ఆ ముద్రను చూచి, సర్కారువారు పరీక్షించి మంచిదన్న మందే గదా అనుకొన్నాడు. వర్తకులు ఈ భ్రమను తొలగించలేదు సరిగదా, ముద్ర లేని సీసా నకిలీదని, ముద్ర చూచి మరీ కొనుక్కోవలసిందని ప్రకటించినారు. కొందరు అదనపు రుసుము చెల్లించి తమ పేరును ఆ చీటీమీదనే చెక్కించుకొన్నారు. పోను పోను, ఈ ముద్ర ప్రభుత్వపు పూచీ కాదని ఆ చీటీమీదనే అచ్చువేయవలసి వచ్చినది. అంగడిలో దీపపు వెలుతురున ఆ సన్నని అక్షరాలను ఎందరు చదివినారో ఊహించుకోవచ్చును.

వీటిని పేటెంటు మందులని పిలిచేవారు. పేరులోనే పొరపాటున్నది. పేటెంటు పొందవలెనంటే తయారీ విధానాన్ని బయటపెట్టవలె. ఈ వర్తకులలో చాలామందికి ఆ ఒక్కటే ఇష్టం లేదు. రాజుగారి అనుగ్రహపత్రం పొందిన కొన్ని పాత మందుల వలన వచ్చిన ఆ పేరు, ఏ పత్రమూ లేని రహస్య మందులకు కూడ అంటుకొని నిలిచిపోయినది. పైగా సుంకపు చట్టంలో ఒక చిత్రమైన మినహాయింపు ఉండేది. అందరికీ తెలిసిన యోగాన్ని అర్హుడైన మందుల వ్యాపారి రహస్యం లేకుండా అమ్మితే సుంకం అక్కరలేదు. అనగా ప్రభుత్వానికి రాబడి వచ్చినది రహస్యం వలన.

ఇక ప్రజలు ఎందుకు కొన్నారు? వారిని అమాయకులని త్రోసివేయడం మాకు న్యాయంగా తోచదు. ఆ శతాబ్దపు మొదటి సగంలో అర్హత గల వైద్యుడు చేసే చికిత్స ఏమిటి? నెత్తురు తీయడం, జలగలు పట్టించడం, పాదరసపు మందులిచ్చి పళ్ళు కదిలేటట్లు చేయడం. ఇందుకు పెద్ద వైద్యుని రుసుము ఆచారంగా ఒక గినీ, అనగా 21 షిల్లింగులు. అది కూలివానికి వారం జీతం కంటె ఎక్కువే. 1825లో తన 'సార్వత్రిక వనస్పతి గుళికల'తో బయలుదేరిన జేమ్స్ మారిసన్ ఈ అసంతృప్తినే పెట్టుబడిగా పెట్టినాడు. వైద్యులది విషచికిత్స అన్నాడు. రోగాలన్నిటికీ మూలం చెడిన రక్తమే అన్నాడు. దానిని శుద్ధిచేయ తన గుళికలు చాలునన్నాడు. లండనులో 'బ్రిటిషు ఆరోగ్య కళాశాల' అని పెద్ద పేరుతో ఒక భవనం నిలబెట్టినాడు. పేరును చూచి అక్కడ విద్యార్థులుండేవారనుకోకూడదు. అది గుళికల కొట్టు. ఆ గుళికలు తీవ్రమైన విరేచనకారులు. గుణం కనబడకపోతే మోతాదు పెంచవలెనని ఆయన ఉపదేశం. అట్లా పెంచుకొంటూ పోయి ప్రాణం పోగొట్టుకొన్న వారున్నారు. 1836లో ఆయన ఏజెంటు ఒకరు అటువంటి మరణానికి బాధ్యుడని న్యాయస్థానం నిర్ణయించి 200 పౌనుల జరిమానా వేసినది. అమ్మకం మాత్రం ఆగలేదు.

మారిసన్ ప్రవక్త వంటివాడైతే, 1837లో రంగంలోకి దిగిన టామస్ హాలోవే అచ్చమైన వర్తకుడు. మొదట్లో ప్రకటనల బాకీ తీర్చలేక చెరసాల చూచినవాడు. ఆ అనుభవంతో మరొకడైతే ప్రకటనలే మానుకొనేవాడు, ఆయన హెచ్చించినాడు. 1883లో చనిపోవునాటికి ప్రకటనలకే సాలుకు 50,000 పౌనుల వరకు ఖర్చు చేసేవాడని ప్రతీతి. ఆయన గుళికలు, లేపనం అనేక భాషల కరపత్రాలతో సముద్రాలు దాటినవి. గుళికలలో ముఖ్యమైనవి ముసాంబరం, శొంఠి. మన పల్లెటూరి మంత్రసానికి కూడ తెలిసిన సరుకులే. సంతానం లేని ఆ దంపతులు ఆర్జించినది రెండు గొప్ప కట్టడాలుగా నిలిచినది. ఒకటి వర్జీనియా వాటర్ అనేచోట మానసిక రోగుల వైద్యాలయం, 1885లో తెరచినది. రెండవది ఈఘాం గ్రామాన స్త్రీల కళాశాల. 1886లో విక్టోరియా రాణి స్వయంగా వచ్చి ప్రారంభించినది. ఆడపిల్లల ఉన్నత విద్యకు ఇంగ్లండులోనే అంతంతమాత్రపు ఆదరణ ఉన్న రోజులవి. ముసాంబరపు డబ్బుతో వారు చదువుకొన్నారు. దీనిని తూచడానికి మా వద్ద తగిన తక్కెడ లేదు.

అయితే ఈ వ్యాపారం ఇంతగా పెరగడానికి తోడ్పడినది పత్రికలు. 1853లో ప్రకటనలపై పన్ను, 1855లో పత్రికలపై స్టాంపు, 1861లో కాగితంపై సుంకం వరుసగా తొలగిపోయినవి. పెన్నీ పత్రికలు పుట్టగొడుగుల వలె లేచినవి. పెన్నీకి అమ్మితే అచ్చుకూలి గిట్టదు. మిగిలినది ప్రకటనలనుంచి రావలె. ప్రకటనలలో సింహభాగం మందులది. మొదటి పుటలో మోసాలను ఖండించే సంపాదకుడు చివరి పుట విషయంలో మౌనం వహించవలసి వచ్చినది. మన తెలుగునాట ఈ మందు–పత్రిక బాంధవ్యం మరొక విధంగా నడచిన సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించినారు. ఆ పైపూత మందు వలన వచ్చిన రాబడి అండగా 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా నడిపించినారు. అక్కడ మందు పత్రిక నోరు నొక్కితే ఇక్కడ మందు ఒక పత్రికకు నోరిచ్చినది.

తిరిగి ఇంగ్లండుకు వత్తాము. విరేచనపు గుళికలతో కడుపు నొప్పి వచ్చేది, డబ్బు పోయేది. అసలు ప్రమాదం వేరొక సీసాలో ఉన్నది. తల్లులు తెల్లవారకమునుపే మిల్లుకు పోవలె. పసిబిడ్డను పొరుగున ఉన్న ముసలమ్మకు అప్పగించేవారు. ఆమె వద్ద అటువంటి బిడ్డలు నలుగురైదుగురు. వారిని ఊరకుంచడానికి సీసా ఉన్నది. పేరు గాడ్‌ఫ్రే కార్డియల్. బెల్లపు పాకంలో కలిపిన నల్లమందు. బిడ్డ ఏడవదు, హాయిగా నిద్రపోతుంది. నిద్రపోయే బిడ్డ పాలకు అడగదు. పాలు లేక చిక్కి శల్యమై కొందరు పోయినారు; ఎక్కువ మోతాదు పడి కొందరు పోయినారు. నల్లమందు సీసా అడుగున పేరుకొనేది కనుక పైపైన తాగిన బిడ్డకు ఏమీ కాదు, అడుగు చుక్కలు తాగిన బిడ్డ లేవదు. ఆ తల్లులకు బిడ్డలమీద ప్రేమ లేదని ఆనాటి పెద్దమనుష్యులు కొందరు వ్రాసినారు. పని మానుకొంటే తిండి లేని వారిని గురించి, తిండికి లోటులేని వారు వ్రాసిన వ్రాత అది.

ఇక్కడ మన ఇళ్ళలో అందరూ ఎరిగిన మరొక సీసాను తలచుకోవలె. ఆ కాలంలోనే, 1851లో, నాటింగ్‌హాం పట్టణంలో విలియం ఉడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి గ్రైపువాటరు తయారుచేసినాడు. సోయికూర గింజల తైలం, సోడా, చక్కెర, కొంత సారాయి అందులో ఉండేవి. నల్లమందు లేదు. ఆ సారాయిని ఈనాడు ఎవరూ మెచ్చరు. అయినను ఆ ఊరి అంగళ్ళలో దాని పక్కనున్న సీసాలతో పోల్చి చూస్తే ఉడ్‌వర్డును కొంత క్షమించవచ్చును.

పెద్దలకు క్లోరోడైన్ ఉండేది. దీని పుట్టుక మన దేశంతో ముడిపడినది. 1848 ప్రాంతంలో భారతదేశంలో సైన్యంతో ఉన్న డాక్టర్ జాన్ కాలిస్ బ్రౌన్, కలరా రోగులకోసం దీనిని కూర్చినాడు. నల్లమందు సత్తువ, క్లోరోఫారం, గంజాయి అందులోని ప్రధాన ద్రవ్యాలు. 1856నుండి లండనులో సీసాలకెక్కినది. నొప్పి తగ్గేది, విరేచనాలు కట్టేవి, దగ్గు ఆగేది, నిద్ర పట్టేది. మారిసన్ గుళికకు లేని గుణం దీనికున్నది: ఇది నిజంగా పనిచేసేది. అందుకే మరింత ప్రమాదం. నిద్రకోసం నాలుగు చుక్కలతో మొదలుపెట్టినవారు సీసాలకు దాసులైనారు. 1868 ఔషధ శాసనం నల్లమందును విషాల పట్టికలో చేర్చి, విషమని చీటీ అంటించనిదే అమ్మరాదన్నది. కాని పేటెంటు మందులను ఆ శాసనంనుండి తప్పించినది! స్టాంపు పడిన విషం విషం కాదన్నమాట. ఈ లొసుగు 1890ల ఆరంభంలో న్యాయస్థానాల తీర్పులతో గాని పూడలేదు.

అసలు సంగతిని లెక్కలతో బయటపెట్టినది బ్రిటిషు వైద్య సంఘం. రాణి చనిపోయిన ఎనిమిదేండ్లకు, 1909లో, 'రహస్య ఔషధాలు' అనే పుస్తకం ప్రచురించినది. పేరుపొందిన మందులను కొని, రసాయనశాలలో విడదీసి, ఏమున్నది, ఎంత ఖరీదు అని అచ్చువేసినది. అందులో బీచం గుళికల పద్దు ప్రసిద్ధమైనది. ఆక్స్‌ఫర్డుషైరులో గొర్రెలు కాచుకొన్న టామస్ బీచం, సెయింట్ హెలెన్స్ పట్టణం చేరి, 1859నుండి 'పెట్టె ఒక్కొక్కటి గినీ విలువ' అని చాటి అమ్మిన గుళికలవి. గినీ అంటే వైద్యుని రుసుము అని చెప్పుకొన్నాము. ఆ నినాదపు గడుసుదనం అక్కడ ఉన్నది. పెట్టెలోని 56 గుళికలలో ఉన్నవి ముసాంబరం, శొంఠి, సబ్బు. మొత్తం ద్రవ్యాల ఖరీదు అర ఫార్దింగు, అనగా పెన్నీలో ఎనిమిదవ వంతు. మేము ఈ ప్రసంగం సిద్ధపరచుకొంటూ కాగితంమీద లెక్క వేసినాము. అమ్మిన ధర ద్రవ్యాల ఖరీదుకు సరిగా 108 రెట్లు; ఒకటిన్నర పెన్నీ సుంకం 12 రెట్లు. ఆ ఏండ్లలో సాలుకు 4 కోట్ల పైచిలుకు స్టాంపులు చెల్లి, ఖజానాకు 3 లక్షల పౌనులకు మించి చేరేది. ప్రభుత్వం ఎందుకు తొందరపడలేదో వేరే చెప్పనక్కరలేదు. వైద్య సంఘంవారు తమ పుస్తకానికి ప్రకటన వేయబోతే అనేక పత్రికలు డబ్బు పుచ్చుకొనడానికి కూడ నిరాకరించినవి.

బీచం మనుమడు, తాత పేరే గల సర్ టామస్, ఆ ఐశ్వర్యంతో సంగీతంలోకి వెళ్ళినాడు. 1932లో లండన్ ఫిల్‌హార్మొనిక్, 1946లో రాయల్ ఫిల్‌హార్మొనిక్ వాద్యబృందాలను స్థాపించినది ఆయనే. ఆ కంపెనీ పరిశోధనశాలలోనే 1957లో పెన్సిలిన్ అణువుయొక్క మూలభాగాన్ని వేరుచేసినారు. కొత్త పెన్సిలిన్‌లు ఎన్నో అందుండి వచ్చినవి. సబ్బు, శొంఠి కలిపిన గుళికతో బయలుదేరిన సంస్థ ఆ మెట్టుకు చేరుటకు ఒక శతాబ్దం పట్టినది.

పుస్తకం తరువాత అలజడి చెలరేగి 1912లో పార్లమెంటు ఒక విచారణ సంఘాన్ని నియమించినది. ఆ సంఘం రెండేండ్లు సాక్ష్యం విని, చట్టం లోపభూయిష్ఠమని గట్టిగా వ్రాసినది. ఆ నివేదిక అచ్చయినది 1914 ఆగస్టు 4వ తేదీన. అదే దినం బ్రిటను యుద్ధం ప్రకటించినది. నివేదిక అటకెక్కినది. మరొక యుద్ధపు నడుమ, 1941లో గాని అది అడిగిన దానిలో ముఖ్యభాగం శాసనం కాలేదు. క్షయ, మధుమేహం, పక్షవాతం, అపస్మారం వంటి రోగాలను నయంచేస్తామని ప్రజలకు ప్రకటించరాదన్నారు. లోపల ఏమున్నదో సీసామీద వ్రాయవలెనన్నారు. 158 ఏండ్లుగా మందులపై వసూలవుతున్న స్టాంపు సుంకాన్ని కూడ అదే శాసనంతో ఎత్తివేసినారు. చీటీ ఊడినది, దాని చోట ద్రవ్యాల పట్టిక వచ్చినది.